పళ్లెంలో పదమూడక్షరాలు, పిలుపులో రెండు

2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొలువుదీరిన మంత్రివర్గంలో ముగ్గురు నానీలుండేవారు. గుడివాడ నుంచి వచ్చిన కొడాలి నాని అసలు పేరు శ్రీ వెంకటేశ్వరరావు. మచిలీపట్నం నుంచి వచ్చిన పేర్ని నాని అసలు పేరు వెంకట్రామయ్య. ఏలూరు నుంచి వచ్చిన ఆళ్ల నాని అసలు పేరు కాళీకృష్ణ శ్రీనివాస్. అదే ఏడాది విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన కేశినేని శ్రీనివాస్ కూడా జనం నోట నానియే. ఒక ఊరికి మరో ఊరు దగ్గరగానే ఉన్న ప్రాంతంలో ఒకే కాలంలో, ఒకే వృత్తిలో నలుగురు నానీలుంటే ఎవరు ఎవరో తెలియక తికమక పడాలి. అలా జరగలేదు. మనిషిని వేరుచేసి చూపే పని ఇంటిపేరుకు అప్పజెప్పి, దగ్గరితనం చూపే పని ముద్దుపేరుకు ఇచ్చి, అసలు పేరును జనం పక్కన పెట్టేశారు.

ముద్దుపేరంటే పొడుగు పేరును కత్తిరించి చేసుకున్న పొట్టి పేరని మనం మామూలుగా అనుకుంటాం. వెంకటేశ్వరరావును ఎక్కడ కత్తిరించినా నాని రాదు. పైగా కత్తిరించనవసరం లేని చిన్న పేర్లకు కూడా ముద్దుపేర్లున్నాయి. ఆర్య అని రెండక్షరాల పేరు పెట్టుకున్న పిల్లవాణ్ణి ఇంట్లో పండు అని పిలుస్తారు. రవిని రవిబాబు అనీ, గీతను గీతమ్మ అనీ ఉన్నదానికి ఇంకొంచెం చేర్చి మరీ పిలుస్తారు. కాబట్టి పొట్టితనం ఒక్కటే ఇక్కడి అవసరం కాదు. పేరు పెట్టేవాళ్లు వేరు, ఆ పేరుతో నిత్యం పిలవవలసినవాళ్లు వేరు. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఎడంలో పుట్టేదే రెండో పేరు. బిడ్డకు పిలుపు పేరు ఎంచుకోవాలనుకునే తల్లిదండ్రులు ముందుగా ఆలోచించవలసింది అక్షరాల గురించి కాదు, ఆ పేరును నోటితో పలకబోయే మనుషుల గురించి.

మాటల విషయంలో ఒక చిక్కును ముందే తీసేయాలి. ఇంట్లో పిలిచే పేరును మనం ఇంటి పేరు అనలేం, ఆ మాట వంశనామానికి స్థిరపడిపోయింది. ఇంగ్లీషు నుంచి వచ్చిన నిక్‌నేమ్ అనే మాటలో మనకు వేరువేరుగా ఉన్న నాలుగైదు సంగతులు కలిసిపోయాయి. బుజ్జి, చంటి, పండు వంటివి ముద్దుపేర్లు; వీటికి అసలు పేరుతో చుట్టరికం ఉండదు, ఏ బిడ్డకైనా సరిపోతాయి. సుబ్రహ్మణ్యం నుంచి వచ్చిన సుబ్బు పిలుపు పేరు. అసలు పేరు కడుపులోంచి పుట్టింది. పొట్టి, బండోడు, నల్లోడు వంటివి ఎగతాళి పేర్లు. వీటిని పెట్టించుకున్నవాడు కాక పెట్టినవాడు ఆనందిస్తాడు. రాతలకు పెట్టుకున్నది కలం పేరు, దాక్కోవడానికి పెట్టుకున్నది మారుపేరు. ఈ వ్యాసానికి కావలసినవి మొదటి రెండే.

బియ్యం మీద రాసిన పేరు

బాలసారె నాడు, కొందరిళ్లలో పదకొండో రోజున, కొందరిళ్లలో ఇరవై ఒకటో రోజున, పళ్లెంలో బియ్యం పోసి బంగారపు ఉంగరంతో తండ్రి చేత పేరు రాయిస్తారు. పురోహితుడు రాయించేది ఒక్క పేరు కాదు. దేవతా నామం, మాస నామం, నక్షత్ర నామం, వ్యావహారిక నామం అని నాలుగుంటాయి. ఈ నాలుగో దాని పేరులోనే విషయం ఉంది: వ్యవహారానికి, అంటే పిలుచుకోవడానికి, వేరే పేరు కావాలని శాస్త్రం రాసినవాళ్లకే తెలుసు.

ఇంకా వెనక్కి వెళితే, ఇంట్లో జరిపే సంస్కారాల విధులు చెప్పే పాత గ్రంథాలైన గృహ్యసూత్రాలు ఈ విషయంలో మనకంటే పొదుపరులు. మగబిడ్డకు రెండక్షరాల పేరు గానీ నాలుగక్షరాల పేరు గానీ పెట్టమని పారస్కర గృహ్యసూత్రం చెబుతుంది. ఆడపిల్లకు బేసి సంఖ్యలో అక్షరాలుండి, చివర ఆకారం రావాలంటుంది. ఆశ్వలాయన గృహ్యసూత్రం మరో ఆసక్తికరమైన మాట చెబుతుంది: పెద్దలకు నమస్కరించేటప్పుడు చెప్పుకునే పేరు ఒకటి విడిగా ఆలోచించి పెట్టాలి, ఉపనయనం దాకా అది తల్లికీ తండ్రికీ మాత్రమే తెలియాలి. అంటే ఆ కాలంలో దాచిపెట్టినది గంభీరమైన పేరును, బయట వాడినది మామూలు పేరును. ఇప్పుడు మనం తిరగేశాం. గంభీరమైనది ఆధార్ కార్డు మీదికెక్కింది, మామూలుది నాలుగు గోడల మధ్య ఉండిపోయింది.

నాలుగక్షరాల హద్దు ఎక్కడ తెగిపోయిందో మన కుటుంబాల్లో వెతకడం కష్టం కాదు. కులదైవం పేరు వెంకట, మొక్కుకున్న వ్రతం పేరు సత్య, తాతగారి పేరు సూర్యనారాయణ, వినసొంపుగా చివర మూర్తి. వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి అనేసరికి పదమూడక్షరాలయ్యాయి. ఇందులో ప్రతి ముక్కా ఎవరో ఒకరికి తీర్చిన బాకీ. ఏ ముక్కను తీసేసినా ఒక దేవుడికో ఒక వియ్యంకుడికో కోపం వస్తుంది. కాబట్టి పేరంతా ఉంచి, పిలుపు దగ్గర కుదించుకోవడం మన ఇళ్లలో కుదిరిన రాజీ.

నక్షత్రం అక్షరాల సంగతి కూడా ఇలాంటిదే. అశ్వినికి చూ, చే, చో, లా అని పాదానికో అక్షరం చెప్పి, దానితో మొదలయ్యే పేరు పెట్టమంటారు. అశ్విని వాళ్లు అదృష్టవంతులు. హస్త మూడో పాదానికి ణ, ఆర్ద్ర మూడో పాదానికి ఙ వస్తాయి. ఆ అక్షరాలతో మొదలయ్యే తెలుగు పేరు ఎవరూ పెట్టలేరు. అలాంటప్పుడు పురోహితుడే ఏదో ఒక సర్దుబాటు చెబుతాడు, నక్షత్ర నామం బియ్యంలో మిగిలిపోతుంది, పిల్ల వేరే పేరుతో పెరుగుతుంది.

పలకకూడని పేరు

పెద్ద కొడుకు పెద్ద కొడుక్కి తాతగారి పేరు పెట్టడం తెలుగు కుటుంబాల్లో చాలా చోట్ల ఉన్న ఆనవాయితీ. పేరు పెట్టడం తేలిక. కానీ ఆ బిడ్డను రోజుకు వందసార్లు పిలవవలసిన తల్లికి అది మామగారి పేరు. మామగారి పేరూ భర్త పేరూ నోటితో పలకకూడదని పెరిగిన కోడలు, రెండేళ్ల పిల్లవాడు పాలగిన్నె తన్నేస్తే "ఒరే సూర్యనారాయణా" అని ఎలా అరుస్తుంది? మామగారు వసారాలో కూర్చుని ఉన్నారు. నాయనమ్మకైతే అది ఏకంగా భర్త పేరు. ఆ ఇంట్లో పిల్లవాడి చుట్టూ తిరిగే ఇద్దరు ఆడవాళ్లూ పలకలేని పేరును మగవాళ్లు పెట్టారన్నమాట. బాబు, అబ్బాయి, నాన్న, చిన్నా, అబ్బులు వంటి పేర్లు ముద్దు కోసమే పుట్టలేదు, నోటికి అడ్డుపడిన మర్యాదను దాటడానికి పుట్టాయి. తండ్రి కూడా కన్నకొడుకును తన తండ్రి పేరుతో కసరలేక "మా నాన్న" అనేవాడు. ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెట్టిన ఇళ్లలో అమ్మడు, అమ్ములు, అమ్మాజీ, బుల్లెమ్మ ఇదే దారిలో వచ్చాయి.

ఇంత పెద్ద నిషేధం ఇప్పుడు లేదు. భర్తను పేరు పెట్టి పిలిచే భార్యలు మా తరంలోనే ఉన్నారు, తరవాతి తరంలో అదే మామూలు. నిషేధం పోయినా అది తయారుచేసిన పిలుపులు మాత్రం పోలేదు. తాతల పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకున్న ఇళ్లలో కూడా మొదటి మగపిల్లవాడు నానిగానో బాబుగానో పెరుగుతూనే ఉన్నాడు.

దిష్టి భయం మరొక దారి. పుట్టిన పిల్లలు దక్కకపోతే తరవాత పుట్టిన బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ, భిక్షమయ్య అని పేర్లు పెట్టేవారు. చావుకు కూడా కంటగింపుగా ఉండే పేరు పెడితే అది వదిలిపెట్టి పోతుందని నమ్మకం. ఇక్కడ చెడ్డ పేరే అసలు పేరు. ముద్దుగా పిలుచుకునేది వేరే ఉండేది. పైకి గంభీరం, లోపల గారం అనే మన మామూలు అమరికకు ఇది పూర్తి తలకిందులు.

బెంగాలీలు ఈ వ్యవస్థను పూర్తిగా బయటపెట్టి నియమంగా చేసుకున్నారు. వాళ్లకు భాలో నామ్ అని లోకానికి ఒక పేరు, డాక్ నామ్ అని ఇంటికి ఒక పేరు ఉంటాయి. డాక్ అంటే పిలుపే. బెంగాలీ తల్లిదండ్రులు రెండూ ఆలోచించి పెడతారు. మన దగ్గర మొదటిదానికి పురోహితుణ్ణీ పంచాంగాన్నీ పిలుస్తాం, రెండోదాన్ని దానంతట దానికే వదిలేస్తాం. ఆ వదిలేయడంలోనే తరవాతి ఇబ్బందులన్నీ ఉన్నాయి.

కత్తెర ఎక్కడ పడుతుంది

అసలు పేరు నుంచి పిలుపు పేరు తీసేటప్పుడు మనకు తెలియకుండానే రెండు నియమాలు పాటిస్తున్నాం. ఇవి ఏ వ్యాకరణంలోనూ కూర్చి పెట్టి లేవు, పేర్లను పక్కపక్కన పేర్చుకుంటే కనబడతాయి.

మొదటిది, ఊళ్లో అందరికీ ఉన్న ముక్కను పారేసి, ఆ మనిషికే ఉన్న ముక్కను ఉంచుకోవడం. వెంకటరమణ రమణ అవుతాడు, వెంకటసుబ్బయ్య సుబ్బయ్య అవుతాడు. వెంకట ప్రతి ఇంట్లోనూ ఉంది కనక అది వేరుచేసే పని చేయలేదు. ఆడవాళ్ల పేర్లలో చివరి లక్ష్మి అందరికీ ఉంటుంది కనక అక్కడ కత్తెర వెనక నుంచి పడుతుంది: వరలక్ష్మి వరం, ధనలక్ష్మి ధనం, రాజ్యలక్ష్మి రాజ్యం, విజయలక్ష్మి విజ్జి. లక్ష్మి అనే పేరు ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే లచ్చి, లచ్చమ్మ వస్తాయి. ఆ లచ్చి కూడా అల్లరిగా పుట్టినది కాదు. బడిలో ప్రకృతి వికృతుల పట్టికలో లక్ష్మికి లచ్చి, విష్ణువుకు వెన్నుడు అని మనమంతా వల్లెవేసినదే. పల్లె నోట్లో ఉన్నది ప్రాకృతం నడిచి వచ్చిన బాట. దాన్ని తప్పు ఉచ్చారణ అనేవాళ్లు ఆ పట్టికను మరిచిపోయినవాళ్లు.

రెండో నియమం లయకు సంబంధించినది. సుబ్బు, పద్దు, విజ్జి, సత్తి, కిట్టు, లచ్చి: అన్నిటిలోనూ హ్రస్వం తరవాత హల్లు ఒత్తుతోంది. రాజి, గోపి, సూరి, శీను, కాము, భాను: మొదట దీర్ఘం ఉంది కనక ఒత్తనవసరం రాలేదు, సూర్యలో ఉన్న ఒత్తు కూడా సూరిలో రాలిపోయింది. వెంకి, అంజి, చందు: సున్న ఆ బరువు మోస్తోంది, ఆంజనేయులులోని దీర్ఘం అంజిలో అక్కరలేకపోయింది. ఛందస్సు భాషలో చెప్పుకుంటే ఇవన్నీ ఒక గురువు, ఒక లఘువు. అంటే హగణాలు. ఆటవెలదిలోనూ తేటగీతిలోనూ మనకు తెలిసిన సూర్యగణమే ఇది. అసలు పేరుతో సంబంధం లేని నాని, బుజ్జి, పండు, చంటి, చిన్ని, బాబు కూడా ఇదే అచ్చులో పోసినవి. పుట్టిన చోటు వేరైనా నడక ఒకటే. రవి, హరి, మణి వంటి రెండు లఘువుల పేర్లు దీనికి లొంగవు. బహుశా అందుకే వాటి వెనక బాబో అన్నో చేర్చి ఊతమిస్తూ ఉంటాం.

చివరి అచ్చు ఇకారమో ఉకారమో కావడం కూడా పిలుపు కోసమే. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగియాలి. పిలిచేటప్పుడు ఆ అచ్చును సాగదీస్తాం. వీధి చివర ఆడుకుంటున్న పిల్లవాడికి వినబడాలంటే నానీ, శీనూ, బుజ్జీ అని లాగాలి. రోహిత్, అద్విక్, ఆర్యన్ అని హల్లుతో ఆగిపోయే పేర్లను అలా లాగడానికి పట్టు దొరకదు. రోహితూ అని చివర ఒక ఉకారం తగిలించుకుంటాం, లేదంటే ఆ పేరును బడికి వదిలేసి ఇంట్లో చిన్నూ అంటాం. పేరు చిన్నదైనా ముద్దుపేరు తప్పకపోవడానికి ఇదొక కారణం.

దేవుడు మారితే పిలుపు మారుతుంది. సింహాచలం అప్పన్న ఏలే ఉత్తరాంధ్రలో అప్పలస్వామి, అప్పలరాజు, సింహాద్రి ఇంటింటా వినబడతాయి. విజయనగరం పైడితల్లి పేరు మీద పైడమ్మ, పైడిరాజు. అహోబిలం నీడలో అహోబలేశ్వరుడు ఓబులేసై, ఓబయ్యగా కుదురుకున్నాడు. యాదగిరిగుట్ట పక్కన యాదగిరి, యాదయ్య, యాదమ్మ. వీటిలో ఏది అసలు పేరు, ఏది పిలుపు పేరు అని అడిగితే ఆ ఊళ్లవాళ్లు నవ్వుతారు. ఓబులేసు అని రాసుకున్నవాడికి అదే అసలు పేరు.

అయ్య, బాబు, గాడు

కత్తిరించిన ముక్క చివర ఏం తగిలిస్తారన్నదాన్ని బట్టి ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. సత్యనారాయణను గోదావరి జిల్లాల్లో సత్తిబాబు అంటారు, తెలంగాణలో సత్తయ్య అనో సత్తెన్న అనో అంటారు, ఈడువాళ్లు సత్తిగాడంటారు. ధాతువు ఒకటే, దూరం మూడు రకాలు. స్నేహితుల మధ్య గాడు అనేది దగ్గరితనానికి గుర్తు. కానీ ఇదే గాడు పొలం పనికి వచ్చే అరవయ్యేళ్ల మనిషిని దొర ఇంట్లోని పదేళ్ల పిల్లవాడు మల్లిగా అని పిలిచినప్పుడు గారం కాదు, అధికారం. అవతలివాడు తిరిగి ఆ పిల్లవాణ్ణి దొరా అనాలి. కుల వ్యవస్థలో కిందికి నెట్టబడిన కుటుంబాలు పిల్లలను బడిలో వేసేటప్పుడు పట్టుబట్టి రావు, కుమార్, ప్రసాద్ చేర్చి పూర్తి పేర్లు రాయించడం వెనక ఈ అనుభవం ఉంది. ఇద్దరిలో ఒకరికే పిలుపు పేరు వాడే హక్కు ఉంటే దాన్ని ముద్దు అనడానికి నాకు మనసొప్పదు.

కాగితం అడిగే ఒక్క పేరు

ఇన్ని పేర్లతో సుఖంగా బతికిన మనుషులకు కాగితంతో పేచీ వచ్చింది. కాగితానికి ఒక్క పేరే కావాలి, అదీ ప్రతి చోటా ఒకేలా ఉండాలి.

ఒకప్పుడు బడిలో చేర్చుకునే మాస్టారు తాతగారు ఏ పేరు చెబితే అది రాసుకునేవారు. తాతగారికి నోటికి వచ్చేది పిలుపు పేరే. అలా బుజ్జిబాబు, చిన్నారావు, బుల్లెమ్మ, అబ్బులు రికార్డుల్లోకెక్కి అసలు పేర్లయిపోయాయి, బియ్యం మీద రాసిన పేర్లు బియ్యంతో పాటే పోయాయి. కాకినాడలో పుట్టిన వైణికుడు చిట్టిబాబుకు మొదట పెట్టిన పేరు హనుమాన్లు. ఇంట్లో పిలిచిన చిట్టిబాబే చివరికి లోకానికి తెలిసిన పేరయింది. చిత్రకారుడు బాపు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ అని ప్రత్యేకంగా చెబితే తప్ప గుర్తురాదు.

పేరున్నవాళ్లకు ఇది అలంకారం. రైతుకు మాత్రం ఇబ్బంది. పాత భూమి రికార్డులైన పహాణీలోనో అడంగల్‌లోనో లచ్చయ్య అని ఉండి, ఆధార్‌లో లక్ష్మయ్య అని ఉంటే ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకునే భారం ఆయన మీదే పడుతుంది. కోర్టు కాగితాల్లో అలియాస్ అనీ, తెలంగాణ పాత దస్తావేజుల్లో ఉర్ఫ్ అనీ రెండు పేర్లను కలిపి రాసే పద్ధతి ఈ అవసరం నుంచే వచ్చింది. చదువు రానివాడు రాసుకోలేదు, రాసినవాడు తన చెవికి వినబడినట్టు రాశాడు. తప్పు ఆ రైతు నోటిది కాదు. అయినా తిరగవలసింది ఆయనే.

ఇప్పుడు దారి ఇరుకైంది. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించవచ్చు. నమోదైన 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తరవాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా అవకాశం ఉంటుంది. ఆస్పత్రి చీటీ మీద తల్లి పేరుతో "బేబీ ఆఫ్" అని ఉన్న బిడ్డకు నిదానంగా పేరు వెతకడానికి చట్టం ఇచ్చిన వ్యవధి ఇది. అయితే సవరించిన చట్టం ప్రకారం 2023 అక్టోబర్ 1న, ఆ తరవాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకీ స్థలానికీ జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ఆ పత్రంలో పడే పేరు మునుపటిలా పదో తరగతి మెమో నాటికి సర్దుకోవచ్చులే అనుకునేది కాదు. ఆధార్‌లో కూడా పేరు మార్పు మామూలుగా జీవితంలో 2 సార్లకు మించి కుదరదు.

పిలుపు పేరుకు మన్నన ఇచ్చిన ప్రభుత్వ కాగితం ఒకటుంది, అది ఎన్నికల్లో పోటీ చేసే అభ్యర్థుల జాబితా. నామినేషన్‌లో రాసిన పేరు వేరు, జనంలో చలామణి అయ్యే పేరు వేరు అయితే, పోటీలో ఉన్నవారి జాబితా తయారయ్యేలోగా రాతపూర్వకంగా కోరి వాడుక పేరును అందులో వేయించుకోవడానికి 1961 ఎన్నికల నిర్వహణ నియమాలు వీలు కల్పిస్తున్నాయి. ఓటరు ఓటు వేసే ముందు చూసుకోవలసింది వెంకట్రామయ్యను కాదు, నానిని అని ఆ నియమం రాసినవాళ్లు గ్రహించారు.

సముద్రం దాటిన వెంకట

అమెరికా వెళ్లిన తెలుగువాడికి కత్తెర మరొకరి చేతిలోకి పోతుంది. అక్కడి కంప్యూటరు మొదటి మాటనే పేరుగా తీసుకుంటుంది. వెంకట సాయికృష్ణ, వెంకట రమణ, వెంకట నాగేశ్వరరావు ఒకే ఆఫీసులో చేరితే ముగ్గురూ వెంకటలే. ఏ ముక్క వేరుచేయలేదని మనం తరతరాలుగా పారేస్తున్నామో, అదే ముక్క మిగిలి, వేరుచేసే ముక్కలన్నీ ఒకే పొట్టి అక్షరంగా మధ్యలో ఇరుక్కుంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకూ సొంత పేరుకూ ఉన్న రెండు గడులలో మొత్తం పేరంతా ఒక్క గడిలోనే రాయించుకున్నవాళ్ల అవస్థ ఇంకా వింతగా ఉంటుంది. సొంత పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అక్కడ ఎఫ్ఎన్‌యూ అని ముద్రిస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. పదమూడక్షరాల పేరున్న మనిషి పేరు తెలియనివాడై, డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా ఆ మూడక్షరాలనే మోస్తూ తిరుగుతాడు.

ఇక అక్కడ ఎంచుకునే పిలుపు పేరు అవతలివాడి నాలుక కోసం ఎంచుకున్నది. వెంకీ, శ్రీ, కృష్ వంటివి అలా వచ్చాయి. వెంకి మన అచ్చులోనిదే కనక ఇంటికి వచ్చినా కొత్తగా ఉండదు. కృష్ మాత్రం హల్లుతో ఆగిపోతుంది, అమ్మ ఫోనులో పిలవడానికి పనికిరాదు. ఆమెకు కిట్టు కావాలి. అక్కడ పుట్టే పిల్లలకు పేరు వెతికేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకుంటున్నారు: మనకు మంత్రంలా వినబడే పేరు చివరి అక్షరాలు ఇంగ్లీషు చెవికి తిట్టులా వినబడవచ్చు. బడిలో అది ఎగతాళి పేరుగా మారడానికి ఒక పూట చాలు.

ఇక ఎంచుకోవడం

మా బంధువుల్లో ఒక ఇంట్లో ముగ్గురు సుబ్బారావులుండేవారు. తాత, ఆయన ఇద్దరు కొడుకుల పెద్ద కొడుకులు. వాళ్లను వేరు చేయడానికి ఎవరూ సమావేశం పెట్టలేదు. పెద్దవాడు పెదబాబు, రెండోవాడు చినబాబు అయ్యారు. నలభై ఏళ్ల తరవాత చినబాబు ఆరడుగుల మనిషై రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు, పెదబాబు ఆయన భుజం దాటడు. పుట్టిన వరుసను బట్టి పెట్టిన పేరు ఎంత కాలానికీ చెల్లుతుంది గానీ, ఒంటిని బట్టి పెట్టినదైతే ఇద్దరికీ అబద్ధమయ్యేది. పొట్టి, బండ, నల్ల వంటివి ముద్దుగానైనా పెట్టవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఆకారం మారుతుంది, మారకపోతే ఇంకా బాధ.

పొడుగు పేరు పెట్టక తప్పని ఇంట్లో, పేరు ఖాయం చేసే రోజునే అందులోంచి వచ్చే పిలుపును కూడా ఖాయం చేసుకోవడం మేలు. అసలు పేరును నాలుగైదు చోట్ల విరిచి, ప్రతి ముక్కనూ వీధి గుమ్మంలో నిలబడి కేకవేసినట్టు గట్టిగా పలికి చూడాలి. గురువు, లఘువు, చివర సాగే అచ్చు ఉన్న ముక్క దానంతటదే బయటపడుతుంది. దగ్గరి చుట్టాల్లో అదే పిలుపుతో ఇంకొకరుంటే అది వద్దు. అసలు పేరు లోపలి నుంచి తీసిన పిలుపుకు ఒక సౌలభ్యం ఉంది: సత్తిబాబును సత్యనారాయణతో కలిపి చూపడానికి ఎవరికీ వివరణ అక్కరలేదు, పండును వెంకట నాగసాయితో కలపడానికి అఫిడవిట్ కావాలి. బయటి నుంచి తెచ్చిన ముద్దుపేరు వద్దని నా ఉద్దేశం కాదు. అది ఇంట్లో ఉండాలి, కాగితం మీద ఎక్కకూడదు. బడి దరఖాస్తులో పూర్తి పేరే ఒకే వర్ణక్రమంతో రాసి, టీచరుకు పిలుపు పేరు నోటితో చెప్పాలి. పాస్‌పోర్టుకు రాసేటప్పుడు వెంకటను మొదట పెట్టకుండా, పిలిచే ముక్కను సొంత పేరు గడిలో మొదట వచ్చేలా చూసుకుంటే సముద్రం దాటాక కత్తెర మన చేతిలోనే ఉంటుంది.

ఇదంతా చేశాక కూడా ఒకరిని అడగడం మిగిలిపోతుంది. మొదటి ఏడాది బిడ్డను ఎత్తుకు తిరిగేది అమ్మమ్మో నాయనమ్మో అయితే, తల్లిదండ్రులు కాగితం మీద రాసుకున్న శౌర్య, ఆమె నోట శౌరి అయ్యే తీరుతుంది, నోటిపళ్లు లేకపోతే సౌరి కూడా అవుతుంది. జనన ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టేముందు ఆ పేరును ఆమె చేత నాలుగుసార్లు పిలిపించి వింటే సరిపోతుంది. ఆమె నోట్లో నిలవని పేరైతే వేరేది వెతికి పత్రంలో చేర్పించుకోవడానికి పుట్టుక నమోదైన నాటి నుంచి పన్నెండు నెలలున్నాయి, అదీ రుసుము లేకుండా.